ప్యాకెట్ తిరగేసిన దర్జీ

మా మరదలి చేతికి ఏ బట్ట ఇచ్చినా ముందు దాని కడుపు బయటికి లాగుతుంది. రంగు చూడదు, మెరుపు చూడదు, గుండీలు చూడదు. చొక్కా అయితే చేతులు లోపలికి తోసి, ఒక్క దులుపు దులిపి, తిరగేసి, లోపలి కుట్ల వెంట బొటనవేలు నడిపిస్తుంది. ఆ వేలు ఎక్కడ ఆగితే అక్కడ ఆ చొక్కా చిరుగుతుంది. ఇవాళ కాకపోతే వచ్చే చలికాలానికి. అందుకే మా వీధిలో ఆమెను తిరగేతమ్మ అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది.

మరదలు అన్నానని రక్తసంబంధం అనుకునేరు. వాళ్లాయన బస్సు డ్రైవరు. పక్క వాటాలోకి దిగిన కొత్తలో మా కుళాయి పాడైతే వచ్చి బాగుచేసి, "అక్కా, ఇంకోసారి ఇది కారితే ఎవర్నీ పిలవకు, నన్ను పిలు" అన్నాడు. అక్కా అన్నాక వాడు తమ్ముడు, వాడి పెళ్లాం మరదలు, ఆమెకు నేను వదిన. అలా నోటితో కలుపుకున్న వావి ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదు.

ఆమె కొట్టు అంటే వాళ్ల ముందుగదే. కిటికీ కింద మెషిను, గోడ పొడవునా కత్తిరింపుల బల్ల, బల్ల మీద సుద్దముక్కలు, అయస్కాంతానికి ముళ్లపందిలా అంటుకున్న గుండుసూదులు. ఇస్త్రీపెట్టె ఆవిరికి ఆ గదిలో ఎప్పుడూ తడిగుడ్డ వాసన. తలుపు పక్కన ఒక కుర్చీ ఉంటుంది. పేరుకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల కోసం. నిజానికి అది నాది. అక్కడ కూర్చుంటే వీధీ కనిపిస్తుంది, వాళ్ల వంటిల్లూ కనిపిస్తుంది.

ఒకసారి నేను ఊళ్లో పెద్ద దుకాణంలో ఒక కోటు కొనుక్కుని, వేసుకుని మరీ వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. మెచ్చుకుంటుందని ఆశ. ఆమె ముందు చుట్టూ తిరిగింది, తరవాత ఒంటి మీంచి ఊడదీయించింది, తిరగేసింది, లోపలి అస్తరు గుడ్డ అంచు గోటితో గీకింది. అస్తరు చివర కాగితంలా లేచి వచ్చింది.

"కుట్టలేదు వదినా, జిగురుతో అంటించారు. వానలో తడిస్తే నీ కోటు రెండు కోట్లవుతుంది" అంది.

"ఇంత మంచి కంపెనీ లేబులుంది కదే!"

"లేబులు పుట్టుమచ్చ కాదు వదినా, పుట్టుకతో రావడానికి. అన్నీ అయ్యాక ఆఖర్న ఎవరో కుట్టేది."

ఆ మాట అనే హక్కు ఆమెకుంది. కొన్నాళ్లు ఒక రెడీమేడ్ వ్యాపారికి కాలర్ల లోపల లేబుళ్లు కుట్టి పెట్టింది. ఒకే గుడ్డ తానులోంచి కోసిన చొక్కాలు. సగానికి ఒక లేబులు, సగానికి ఇంకోటి. ఒక గుట్ట మామూలు దుకాణానికి, ఒక గుట్ట అద్దాల దుకాణానికి వెళ్లేది. ఆ పని మానేశాక కూడా ఆ సంగతి తలుచుకుని కడుపుబ్బ నవ్వేది.

ఇంత తెలిసిన మనిషి వంటింట్లో మాత్రం చాలాకాలం ప్యాకెట్ల మొహాలే చూసింది. దానికి కారణం లేకపోలేదు. మా తమ్ముడికి షుగరు వచ్చింది.

వాడిది భారీ విగ్రహం. స్టీరింగు ముందు కూర్చుంటే ఆ సీటు వాడి కోసమే పోతపోసినట్టుండేది. ఏ స్టాపులో ఎవరు ఎక్కుతారో, ఎవరు పరిగెత్తుకుంటూ వస్తారో వాడికి తెలుసు. చేతికర్రతో నడిచే ఒక పెద్దాయన సందులోంచి బయటపడేదాకా ఏదో అద్దం తుడుచుకుంటున్నట్టు నటిస్తూ బస్సు ఆపేవాడు. అలాంటివాణ్ణి డిపోలో ఏటా చేసే పరీక్షలో పక్కన నిలబెట్టారు. రక్తంలో చక్కెర బాగా ఎక్కువుంది, కళ్లు తిరిగితే బస్సు నిండా ఉన్న జనం గతేమిటి అని.

డిపో డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "మూడు నెలలు. మాత్రలు మానొద్దు, రోజూ నడవండి, తిండి మార్చండి. నెలనెలా రక్తం చూస్తాను. మూడో నెలలో అదుపులోకి వచ్చిందా, మీ బస్సు మీది. రాలేదా, రిటైరయ్యేదాకా గేటు దగ్గరే."

గేటు దగ్గర అంటే లోపలికొచ్చే బస్సులూ బయటికెళ్లే బస్సులూ చూస్తూ అడ్డకర్ర ఎత్తడం, దించడం. మొదటి వారం తోటి డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం గురూ, గేటుకి ఎన్ని గేర్లు?" అని అరిచారట. వాడు నవ్వేశాడట. ఇంటికొచ్చి మాత్రం అన్నం ముందు అరగంట కూర్చుని లేచిపోయాడు. ఆ సంగతి నాకు తిరగేతమ్మ చెప్పలేదు. కుర్చీలోంచి నేనే చూశాను.

మర్నాటి నుంచి వాడు తిండి మార్చాడు. మార్చడం అంటే మామూలుగా కాదు. సూపర్‌మార్కెట్లో "ఆరోగ్యం" అని బోర్డు పెట్టిన అర మొత్తం ఇంటికి దిగింది. గోధుమరంగు రొట్టె, ఆకు బొమ్మ ఉన్న బిస్కెట్లు, "చక్కెర కలపలేదు" అన్న పళ్లరసం డబ్బాలు, "నూనెలో వేయించలేదు" అన్న కరకరలు, పొద్దున్నే పాలలో పోసుకునే గింజల పలుకులు. వంటింటి అలమర తెరిస్తే పచ్చటి తోటలా ఉండేది. మొగుడూ పెళ్లాం దాన్ని చూసి మురిసిపోయారు. ఆమెకు కుట్టు పని నెత్తి మీద కొండలా ఉన్న రోజులవి. పొయ్యి వెలిగించే పని తప్పిందని ఊపిరి పీల్చుకుంది. నేనూ రెండు బిస్కెట్లు రుచి చూశాను. బాగున్నాయి. మందులాంటి తిండి ఇంత బాగుంటుందా అని కొంచెం అనుమానం మాత్రం వచ్చింది.

మొదటి నెల పరీక్షకి చక్కెర దిగలేదు సరికదా, ఇంకాస్త ఎక్కింది.

ఆ సాయంత్రం వాడు కాగితం బల్ల మీద పడేసి, "ఇంకేం తినమంటారు నన్ను? గడ్డి తింటున్నా. ప్యాకెట్ గడ్డి! దీని కన్నా ముందే నయం, కనీసం నోటికి రుచిగా తిని చక్కెర తెచ్చుకున్నా" అని గదిలోకి వెళ్లి మంచం ఎక్కేశాడు.

తిరగేతమ్మ మెషిను ఆపింది. తరవాత లేచి వంటింట్లోకి వెళ్లి, అలమరలో ఉన్న ప్యాకెట్లన్నీ కుట్టాల్సిన బట్టల మోపులా గుండెకి ఆనించుకుని తెచ్చి, కత్తిరింపుల బల్ల మీద బోర్లా పోసింది.

"బుద్ధి లేదు వదినా నాకు" అంది. "ఎవడో తెచ్చిన చొక్కాని తిరగేయకుండా చేతపట్టను. మొగుడి కడుపులోకి వెళ్లేదాన్ని మాత్రం మొహం చూసి తెచ్చుకున్నా."

"డాక్టరమ్మ ఏం చెప్పలేదా?" అన్నాను.

లోపలి గదిలోంచి గొంతు వచ్చింది. "చెప్పింది! వెనకాల చిన్నక్షరాలు చదవమంది. అందులో ఏది ముందు రాస్తే అదే ఎక్కువుంటుందట. నేనే మర్చిపోయా."

"ఇప్పుడు గుర్తొచ్చిందా మహానుభావా?" అంది పెళ్లాం.

"ఆ అక్షరాలు చీమలకి చదువు చెప్పడానికి రాసినట్టున్నాయి. ఎవడు చదువుతాడు?"

సూదిలో దారం ఎక్కించడానికి ఆమె దగ్గర ఒక భూతద్దం ఉంటుంది. అది తీసింది. ఆమె అద్దం పట్టుకుంది, నేను కూడబలుక్కుని పైకి చదివాను. నాది అయిదో తరగతి చదువే అయినా అక్షరాన్ని వదిలిపెట్టే రకం కాదు.

గోధుమరంగు రొట్టెలో మొదటి మాట మైదా. గోధుమపిండి ఎక్కడో తరవాత వచ్చింది. ఆ రంగు ఎక్కడిదా అని చూస్తే చివరలో కారమెల్ రంగు అని ఉంది.

"అద్దకం!" అంది తిరగేతమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడాల్సింది, దొంగని పట్టుకున్న పోలీసు మొహం. "తెల్లగుడ్డకి రంగేసి గోధుమ అన్నారు వదినా. తడిపితే పోయే రంగు."

చక్కెర కలపని పళ్లరసంలో నిజంగానే చక్కెర అన్న మాట లేదు. చిక్కబరిచిన ఆపిల్ రసం ఉంది, అదీ రెండో మాట. పండులో ఉన్న తీపినంతా మరిగించి చిక్కబరిస్తే మిగిలేది తీపి పానకం కాక మరేమిటి? గింజల పలుకుల్లో గింజల తరవాత చక్కెర, ఆ తరవాత గ్లూకోజ్ సిరప్, ఆ తరవాత తేనె, ఆ తరవాత నేను మూడుసార్లు చదివినా నోరు తిరగని ఇంకో పేరు.

"వీళ్లంతా అన్నదమ్ములే వదినా" అంది ఆమె. "ఒకే ఇంటి వాళ్లు ఒకే గుమ్మంలోంచి వస్తే గుంపు కనిపిస్తుందని, తలా ఒక చొక్కా వేసుకుని విడివిడిగా వచ్చారు. కలిపి నిలబెడితే గింజల కన్నా వీళ్లే ఎక్కువుంటారు."

మా తమ్ముడు మంచం దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బిస్కెట్ల ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, "ఇదైనా వదిలెయ్యండి. దీని మీద గుండె బొమ్మ ఉంది" అన్నాడు, బిడ్డని అప్పగించలేనివాడిలా.

"గుండె బొమ్మ వేస్తే గుండెకి మంచిదా? నిన్న పిల్లి బొమ్మ ఉన్న గౌను కుట్టా. అది ఎలుకల్ని పడుతుందా?"

నేను నవ్వలేక చచ్చాను. వాడికీ నవ్వొచ్చింది. చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో వాడి నవ్వు విన్నాను.

అప్పటి నుంచి ఆమె సూపర్‌మార్కెట్‌కి భూతద్దంతో వెళ్లడం మొదలుపెట్టింది. తోడు నేను. అరల మధ్య నిలబడి ఒక్కో ప్యాకెట్టూ తీసి, తిప్పి, చదివి, పెట్టేది. పెట్టేటప్పుడు వెనకవైపు బయటికి ఉండేలా పెట్టేది. అలవాటు చేత చేసిందో, కావాలని చేసిందో నేను ఇప్పటికీ అడగలేదు. కాసేపటికి ఆ అర మొత్తం వీపు చూపించి నిలబడింది. మేనేజరు పరుగున వచ్చాడు. మెడకి టై, మొహాన చెమట.

"ఏంటమ్మా ఇది? మొత్తం తిప్పేశారేంటి?"

"నీ ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి ఎవరి దగ్గరికి వస్తావు బాబూ?"

"మీ దగ్గరికే."

"పొట్టి చేశాక లోపలి మడత తిరగేసి చూసుకుంటావా, లేదా?"

"చూసుకుంటాను."

"నేనేమైనా అన్నానా ఎప్పుడైనా?"

అతను ఒక్క క్షణం తటపటాయించి, "అది కాదమ్మా, పైవాళ్లు వస్తే నన్ను అంటారు" అని మెల్లగా ఒక్కొక్కటే యథాస్థానానికి తిప్పసాగాడు. ఆమెకి జాలేసింది. తనూ పక్కన నిలబడి తిప్పించింది. ఉద్యోగస్తుణ్ణి ఇబ్బంది పెట్టడం ఆమెకి ఇష్టముండదు. తిప్పుతూ తిప్పుతూనే అతని చెవిన వేసింది, "నువ్వు పొద్దున తినే ఆ పలుకులు నువ్వూ ఒకసారి చదువు బాబూ" అని.

అలా వెతికి వెతికి ఒక రకం బిస్కెట్ పట్టుకుంది. మొదటి మాట ఓట్స్. చక్కెర ఎంతుందో అంకె వేసిన గడిలో చాలా చిన్న అంకె. ఆమె ఆ ప్యాకెట్‌ని మంచి నేత దొరికినట్టు అరచేతిలో తూచి, "ఇదీ గుడ్డంటే" అంది. పాత ప్యాకెట్లన్నీ పోయాయి, ఇవి వచ్చాయి. మా తమ్ముడు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని పూటకొక ప్యాకెట్ నిశ్చింతగా ఖాళీ చేశాడు. పెళ్లాం చదివి పెట్టింది కదా అన్న ధీమా.

రెండో నెల పరీక్షకి చక్కెర పిసరంత దిగింది. దిగిందంటే దిగింది అని చెప్పుకోవడానికే తప్ప బస్సు దగ్గరికి చేర్చేంత కాదు.

ఈసారి వాడు అరవలేదు. అదే నాకు భయం వేసింది. స్నానం చేసి, నిదానంగా వచ్చి బల్ల పక్కన నిలబడి, "గేటు కూడా ఉద్యోగమే కదే. ఎండ తగలదు. మనిషిని తొక్కిస్తానేమో అన్న భయం లేదు. రేపు వెళ్లి గేటుకే ఉండిపోతానని చెప్పేస్తా" అన్నాడు.

"ఎవరికి?"

"డిపోలో."

"నీకు ఇష్టమై చెప్తావా, విసుగొచ్చి చెప్తావా?"

వాడు బల్ల మీది కొలతల టేపు వేలికి చుట్టుకోసాగాడు.

"ఇష్టమైతే చెప్పు. నేనే వచ్చి చెప్పిస్తా. విసుగొచ్చి మాత్రం చెప్పకు. ఇంకో నెలుంది" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో సుద్ద మాత్రం రెండు ముక్కలైంది.

మర్నాడు ఆమె కొట్టు మూసింది. పెళ్లి బట్టల హడావుడిలో కూడా మూయని మనిషి. ఖాళీ బిస్కెట్ ప్యాకెట్లు సంచిలో వేసుకుని డిపోకి బయల్దేరింది. నన్ను రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు. కాబట్టి వెళ్లాను.

డాక్టరమ్మ గది చిన్నది. బల్ల, బరువు చూసే యంత్రం, గోడ మీద కళ్ల పరీక్ష అక్షరాలు. తిరగేతమ్మ దాపరికం లేకుండా మొత్తం చెప్పింది. వెనకాల చదివానని, మొదటి మాట ఓట్స్ అని, చక్కెర అంకె చిన్నదని, అయినా రక్తం మాట వినడం లేదని. డాక్టరమ్మ ప్యాకెట్ అందుకుని చూసి, "మంచిదే ఎంచారు. మీవారు ఎన్ని తింటారు?" అంది.

"ప్యాకెట్ తింటారు."

"రోజుకా?"

"పూటకి."

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ ఆమె పక్కకి జరుపుకుని, ఆ అంకెల గడి పైన ఉన్న ఒక వరుస వేలితో చూపించింది. ఆ అంకెలన్నీ రెండు బిస్కెట్లకి వేసినవట. ప్యాకెట్ మొత్తానికి కాదు. కింది అంకె చదివాం కానీ, పైన ఉన్న ఆ వరుస మా కంటికి ఆనలేదు.

తిరగేతమ్మ నోరెళ్లబెట్టింది. తరవాత నుదురు కొట్టుకుంది. తరవాత, ఆశ్చర్యం, నవ్వడం మొదలుపెట్టింది.

"గుడ్డ తాను మీది చీటీ అనుకున్నా డాక్టరమ్మా!" అంది. "మా గుడ్డ తానుకి ఒక చీటీ ఉంటుంది. అందులో ఎంత రాస్తే తాను మొత్తం అంత. చీటీ రాసి, అది రెండు మూరలకే అనే వ్యాపారిని నేను ఇంతవరకూ చూడలేదు. నా జన్మలో చీటీ అలా చదవలేదు."

ఈ తప్పు ఇంకెవరూ చేయరేమో, బట్టల మనుషులే చేస్తారు అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం, "మీరు ఒక్కరే కాదు, చాలామంది ఆ వరుస దాటేస్తారు. అసలు ప్యాకెట్ తిరగేసేవాళ్లే తక్కువ. మీరు తిరగేసి నా దగ్గరికి తెచ్చారు. ఈ గదికి ప్యాకెట్లతో వచ్చిన మొదటి మనిషి మీరే" అంది. అని, ఒక మాట చేర్చింది. "చదవడం మంచిదే. కానీ చదవక్కర్లేనివి ఎక్కువ తింటే ఇంకా సుఖం కదమ్మా?"

తిరగేతమ్మా నేనూ ఇంటిదారి పట్టాం. మా వీధి మలుపులో కూరగాయల బండ్లు ఉంటాయి. అక్కడికి వచ్చాక ఆగింది. క్యారెట్ ఒకటి తీసుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏం చూస్తున్నావే?"

"దీనికి లోపలివైపు లేదు వదినా. రెండు వైపులా ఒకటే" అంది.

ఆ సాయంత్రం వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ తన తప్పు తనే చెప్పింది. రెండు బిస్కెట్ల అంకెని ప్యాకెట్ అంకె అనుకున్నానని, మీరూ చూసుకోండని. ఇంకొకరైతే కొంగు కప్పుకుని లోపలికి పోయేవాళ్లు. నేను ఆమెని మెచ్చుకునేది ఎక్కువ ఇందుకే. కుట్టు తప్పు పడితే విప్పి కుడుతుంది. ఇస్త్రీ చేసి దాచదు.

ఆ ఆఖరి నెల ఆ ఇంటి వంటిల్లు చూడాలి. పొద్దున్నే మెషిను ఎక్కకముందే పప్పో శనగలో నానేసేది. కత్తిరింపులు అయ్యేసరికి అవి నానేవి, కాజాలు కుట్టేసరికి ఉడికేవి. ఇస్త్రీపెట్టె ఒకవైపు ఆవిరి, గిన్నె మూత ఒకవైపు ఆవిరి. పొట్టు తీయని గోధుమలు మరపట్టించి రొట్టెలు కాల్చింది. గుడ్లు, ఆకుకూరలు, చిక్కుడుగింజలు, పెరుగు. పళ్లు పళ్లలాగే, రసంలా కాదు. "నమిలితేనే పండు. తాగితే పానకం" అనేది. అన్నం మానిపించలేదు, తగ్గించింది. మాత్రలు తన చేత్తోనే ఇచ్చేది. సాయంత్రం కొట్టు కట్టేసి ఆయన్ని నడకకి లాక్కెళ్లేది. వెనకాల నేను, ఊపిరి అందకపోయినా, వాళ్లేం మాట్లాడుకుంటారో వినాలని.

మా తమ్ముడు అంత తేలిగ్గా లొంగాడనుకోకండి.

"నాకు కరకరలాడేది కావాలి" అనేవాడు. "నోట్లో చప్పుడు లేకపోతే తిన్నట్టుండదు."

ఆమె శనగలు పెనం మీద వేయించి ఇచ్చింది. వాడు నమిలి, "చప్పుడైతే ఉంది" అన్నాడు, ఒప్పుకుంటూ ఒప్పుకోనట్టు.

"పాత రొట్టె మెత్తగా ఉండేది. ఇది రోడ్డు మీద గతుకులా ఉంది."

"గతుకుల్లోనే కదా నువ్వు బస్సు నడిపింది. నడిపించు" అనేది ఆమె.

ఆకలి వేళకి చేతికి ఏదీ దొరక్కపోతే మనిషి ప్యాకెట్ వైపు వెళ్తాడని ఆమెకి తెలుసు. అందుకని మిగిలిన ముక్కలతో మూడు అరల సంచి కుట్టింది. ఒక అరలో వేయించిన పల్లీలు, ఒక అరలో పండు, ఒక అరలో ఉడికిన గుడ్డు కూర్చునే చిన్న డబ్బా. గేటు దగ్గర ఆ సంచి చూసి ముందు నవ్వారట. తరవాత ఇద్దరు డ్రైవర్లు అలాంటిది కుట్టిపెట్టమని వచ్చారు. అందులో ఒకాయన పొట్ట నిమురుకుంటూ, "నాకు నాలుగు అరలు కావాలమ్మా" అన్నాడు.

అలాగని ఆమె మరీ పట్టుదల మనిషేం కాదు. ఇంటికొచ్చిన చిన్నపిల్లలకి బిస్కెట్ పెట్టడం మానలేదు. "ఎప్పుడో ఒకటి తింటే ఏం కాదు వదినా. మందు అనుకుని తింటేనే ముప్పు" అంది. ఈ మాట నేను చాలామందికి చెప్పాను.

మూడో నెల పరీక్ష రోజు వచ్చింది. మా తమ్ముడు డ్యూటీ చొక్కా వేసుకోనన్నాడు. బస్సు తిరిగి ఇవ్వకపోతే విప్పాల్సి వస్తుందని. ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా మడిచి తన సంచిలో పెట్టుకుంది. డాక్టరమ్మ గది బయట బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, లేని స్టీరింగు తిప్పుతున్నట్టు వేళ్లు కదుపుతున్నాడు. ఆమె వాటిని చూసీ చూడనట్టు ఊరుకుంది. నాకు నోరు ఊరుకోదు కదా, "ఏమవుతుందంటావు?" అన్నాను.

"రక్తం తిరగేసి చూడ్డం నాకు రాదు వదినా. ఆమెకి వచ్చు. ఆమె చెప్తుంది" అంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ కాగితం చూపించలేదు, ముందు మొహం చూపించింది. అది చాలింది.

"అదుపులోకి వచ్చింది. నియమం ప్రకారం బస్సు ఇవ్వచ్చు. ఇస్తున్నాను. కానీ పూర్తిగా పోయిందనుకోకండి. మాత్రలు, నడక, ఈ తిండి. మళ్లీ మూడు నెలలకి రావాలి, ఆ తరవాత కూడా రావాలి."

వాడు తలూపాడు. అంత పెద్ద మనిషి గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. ఆమె వెనక నుంచి వెళ్లి సంచిలోంచి చొక్కా తీసి, పసివాడికి తొడిగినట్టు ఒక్కో చెయ్యీ పట్టి ఎక్కించింది. చొక్కా వదులైంది.

"భుజాలు తగ్గించాలి. పక్కలు లోపలికి తీసుకోవాలి" అంది వేలితో కొలుస్తూ.

"ఇప్పుడు కాదే, వదిలెయ్" అన్నాడు వాడు. "బస్సు చూడనీ."

మర్నాడు పొద్దున్నే వాడి మొదటి ట్రిప్పు. మా స్టాపులో మేమిద్దరం నిలబడ్డాం. పెళ్లయిన నాటి నుంచి ఆమె వాడి బస్సు ఎక్కలేదట. కొట్టు వదిలి వచ్చే తీరిక ఎప్పుడూ దొరకలేదు. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. వాడు ముందు నన్ను చూసి, తరవాత ఆమెని చూసి, కావాలని ముక్తసరిగా, "ఎక్కడికి?" అన్నాడు.

"చివరిదాకా" అంది ఆమె.

వాడి వెనక సీట్లో కూర్చుంది. నన్నెవరూ పిలవలేదు. ఆమె పక్కన చోటు ఉంది కాబట్టి కూర్చున్నాను. వాడు గేరు వేశాడు. బస్సు మెల్లగా కదిలింది. నాలుగో స్టాపు దగ్గర ఒక సందు ముందు ఆగి, చేతికి గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. సందులోంచి చేతికర్ర చప్పుడు దగ్గరకొస్తోంది. ఆమె కిటికీలోంచి అటు చూసింది, మొగుడి మెడ వెనకభాగం చూసింది. మా వెనక ఎవరో, "ఇంకెంతసేపయ్యా డ్రైవరూ!" అని కసురుకుంటే వెనక్కి తిరిగి, "ఉండండి బాబూ, అద్దం తుడుచుకోనీండి" అంది.